పనికి వరుస, పనిముట్టుకు తావు

మన అశ్వారావుపేట చుట్టుప్రక్కల ఏ త్రోవను నడచినను పామాయిలు తోటలు కనబడును. ఆ తోటలలో కోసిన గెలలు ట్రాక్టర్లమీద మన యూరి నూనె కర్మాగారమునకు చేరుట విద్యార్థు లందరును చూచినదే. అక్కడ గెలలను ముందుగా ఆవిరిలో ఉడికింతురు. పిమ్మట తిరుగుచుండు పెద్ద పీపాలో వేసి కాయలను గెలనుండి విడదీయుదురు. తరువాత కాయలను మెదిపి, మరలో నొక్కి, దిగిన నూనెను తేర్చుదురు. ఏ రైతు తెచ్చిన గెలయైనను ఈ త్రోవను తప్పదు. గెల కోసిన వెనుక ఆలస్యమైన కొలదియు కాయలోని ఎంజైము అను పదార్థము నూనెను విడగొట్టి దానియందు ఆమ్లమును పెంచును. కావుననే కోసిన 24 గంటలలోపల గెలను ఉడికించుట మేలని చెప్పుదురు. అక్కడ ముఖ్యమైన ప్రశ్న యొక్కటే: ఏ బండి గెలలు ముందు, ఏ బండివి వెనుక? త్రోవ యేది యను ప్రశ్న పుట్టదు.

ఇక ఒక వడ్రంగి కొట్టునకు పోయి చూతము. అక్కడ ద్వారబంధము, పెట్టె, నాగలి, మంచపుకోడు అన్నియు నొకే చోట సిద్ధమగును. ఒకదానికి రంపము, తోపడా, ఉలి కావలెను. మరియొకదానికి బరమాయు ఉలియు చాలును. పనిముట్లు కొన్నియే, పనులు పలువిధములు. ఇక్కడ ఏ పని ముందు అను ప్రశ్నతోపాటు, ఏ పనిముట్టు ఎవరి చేతిలో నుండవలెను అను రెండవ ప్రశ్నయు వచ్చును. నేటి గొప్ప యంత్రశాలలలో కంప్యూటర్లు రేయింబవళ్లు విప్పుచున్న చిక్కు ఈ రెండు ప్రశ్నలే. వానిని గూర్చియే ఈ పాఠము.

మేము చేసిన పొరపాటు

ముందుగా మా పొరపాటొకటి చెప్పుదుము. కొన్ని సంవత్సరముల క్రిందట మేము పనిచేయుచుండిన యొక పాఠశాలలో, వేసవి సెలవుల చివర, నాలుగు సామానులను బాగుచేయించు పని మాకు అప్పగింపబడెను. వడ్రంగి యొకరు, రంగులు వేయునాయన యొకరు దొరికిరి. ప్రతి సామానును ముందు వడ్రంగి బాగుచేయవలెను. తరువాతనే రంగు పడవలెను. మేము వేసికొన్న లెక్క యిది:

బీరువా: వడ్రంగికి 6 గంటలు, రంగునకు 4 గంటలు.
చిన్నపిల్లల బల్ల: వడ్రంగికి 5, రంగునకు 2.
కిటికీ తలుపులు: వడ్రంగికి 3, రంగునకు 5.
నల్లబల్ల: వడ్రంగికి 1, రంగునకు 3.

మా చేతిలో రోజునకు 8 గంటల చొప్పున రెండున్నర దినములు, అనగా 20 గంటలు ఉండెను. ఆ తరువాత రంగులు వేయునాయన మరియొక యూరికి పోవలసియుండెను. పెద్దపని ముందు ముగించిన చిన్నవి తామే ముగియునని తలంచి, మేము బీరువా, బల్ల, కిటికీ తలుపులు, నల్లబల్ల అను వరుసను చెప్పితిమి.

ఏమి జరిగినది? బీరువా 6వ గంటకు గాని వడ్రంగి చేతినుండి రాలేదు. అంతవరకు రంగులు వేయునాయన డబ్బా ముందు పెట్టుకొని కూర్చుండెను. బీరువాకు రంగు 10వ గంటకు ముగిసెను. బల్ల 11వ గంటకు వచ్చి 13వ గంటకు ముగిసెను. కిటికీ తలుపులు 14వ గంటకు వచ్చి 19వ గంటకు ముగిసెను. నల్లబల్లకు మిగిలినది ఒక్క గంట. అది ముగియవలెనన్న 22 గంటలు పట్టియుండును. మొదటి పూత సగముండగానే ఆయన తన సంచి సర్దుకొని బస్సెక్కెను. మరల వచ్చుటకు పదిదినములు పట్టెను.

ఆ పదిదినములును ఒకటవ తరగతి పిల్లలు నేలమీద సుద్దతో వ్రాసిన అక్షరములను చూచి నేర్చుకొనిరి. వెనుక వరుసలోని పిల్లలకు అవి కనబడలేదు. ఆలస్యము వడ్రంగివలన కలిగినదని మేము ఆయనతో నిష్ఠురముగా పలికితిమి. ఆయన "మాస్టారూ, మీరు చెప్పిన వరుసలోనే చేశాను. ఒక్క గంటయినా కూర్చోలేదు" అని మాత్రము చెప్పి, తన పనిముట్లు తుడిచికొని పోయెను.

ఆ రాత్రి మేము కాగితముమీద లెక్కవేసి చూచితిమి. ఆయన మాట నిజమే. ఆయన 15 గంటలును ఎడతెగక పనిచేసెను. తప్పు మేము చెప్పిన వరుసలో నుండెను.

జాన్సను చెప్పిన నియమము

ఇద్దరి చేతులమీదుగా ఒకే క్రమమున సాగు పనులకు సులభమైన నియమ మొకటి కలదు. దానిని అమెరికా దేశపు గణితజ్ఞుడైన ఎస్. ఎం. జాన్సను 1954లో ప్రకటించెను. అది యిట్టిది. లెక్కలోని గంటలన్నిటిలో మిక్కిలి తక్కువైనదానిని వెదకుము. అది మొదటి పనివానిదైనచో ఆ పనిని వరుసకు మొదట పెట్టుము. రెండవ పనివానిదైనచో వరుసకు కడపట పెట్టుము. ఆ పనిని కొట్టివేసి, మిగిలినవానితో మరల అట్లే చేయుము.

మన లెక్కలో మిక్కిలి తక్కువైనది 1. అది నల్లబల్లకు వడ్రంగి పని. కావున నల్లబల్ల మొదట. మిగిలినవానిలో తక్కువైనది 2. అది చిన్నపిల్లల బల్లకు రంగు పని. కావున బల్ల కడపట. తరువాత 3, అది కిటికీ తలుపులకు వడ్రంగి పని. కావున అవి నల్లబల్ల వెనుక. మిగిలిన బీరువా మూడవది.

ఇప్పుడు చూడుడు. నల్లబల్ల 1వ గంటకే రంగునకు వచ్చి 4వ గంటకు ముగియును. కిటికీ తలుపులు 4వ గంటకు వచ్చి 9వ గంటకు, బీరువా 10వ గంటకు వచ్చి 14వ గంటకు, బల్ల 15వ గంటకు వచ్చి 17వ గంటకు ముగియును. అదే వడ్రంగి, అదే రంగు, అవే గంటలు. 22 గంటల పని 17 గంటలలో ముగిసినది! రంగులు వేయునాయన ఖాళీగా కూర్చుండు కాలము 8 గంటలనుండి 3 గంటలకు దిగినది.

ఇంతకంటె తక్కువ కాలములో ముగించు వరుస కలదా? లేదు. వడ్రంగి పని మొత్తము 15 గంటలు. ఆయన చివరి సామానును విడిచిన తరువాత దానికి రంగు పడవలెను గదా. రంగునకు పట్టు అతి తక్కువ కాలము 2 గంటలు. కావున 17 గంటలకు తక్కువ ఏ వరుసకును రాదు.

నియమములోని మర్మము తేటయైనదే. రెండవ పనివానికి త్వరగా పని అందునట్లు ఆరంభింపవలెను. మొదటి పనివాడు లేచునప్పటికి రెండవవానికి కొంచెమే మిగులునట్లు ముగింపవలెను.

నాలుగు పనులను 24 వరుసలలో పేర్చవచ్చును. పది పనులైనచో 36,28,800 వరుసలు వచ్చును. ఇద్దరు పనివారి స్థానమున ముగ్గురు ఉన్నచో ఎల్లప్పుడును సరిపడు ఇట్టి సులభ నియమము దొరకలేదు. మూడు యంత్రముల చిక్కు గణితములో మిక్కిలి కఠినములని యెంచబడు సమస్యల కోవలోనిదని 1976లో గారీ, జాన్సను, సేథి అను ముగ్గురు నిరూపించిరి. ఈ జాన్సను వేరొకరు. అందుచేత గొప్ప యంత్రశాలలలో సైతము శ్రేష్ఠమైన వరుసకు మారుగా, దానికి చేరువైన మంచి వరుసతో తృప్తిపడుట కలదు.

ఎవరిని ముందు పిలువవలెను?

పనివా డొక్కడే యున్నపుడును వరుస ముఖ్యమే. ఒక పిండిమరయొద్ద ముగ్గురు నిలిచియున్నారనుకొందము. వారి పనులకు 1, 2, 6 గంటలు పట్టును. చిన్నపనిని ముందు పట్టినచో వారు వరుసగా 1, 3, 9 గంటలకు ఇండ్లకు పోవుదురు. మొత్తము 13 గంటలు. పెద్దపనిని ముందు పట్టినచో 6, 8, 9 గంటలకు పోవుదురు. మొత్తము 23 గంటలు. మర నడిచిన కాలము రెండు విధములను 9 గంటలే. అయినను మనుష్యులు నిలిచిన కాలము వేరు. అందరి నిరీక్షణమును కలిపి తగ్గింపవలెనన్న చిన్నపని ముందుండవలెను.

కాని ప్రతి పనికిని గడువున్నపుడు గడువు దగ్గరైనదానిని ముందు పట్టుట మంచిది. అట్లు చేసిన, అన్నిటిలోను ఎక్కువగా ఆలస్యమైన పనికి కలుగు ఆలస్యము సాధ్యమైనంత తక్కువగును. ఇది జాక్సను అనునాతడు 1955లో చూపిన విషయము. పామాయిలు గెలకు గడువు కోసిన గడియనుండియే నడచుచుండును. కనుక గెలల విషయమున ద్వారమునొద్దకు వచ్చిన వేళకంటె కోసిన వేళ ముఖ్యము.

ఈ నియమములలో నొకదానినే గ్రుడ్డిగా పట్టుకొనరాదు. చిన్నపనులు వచ్చుచునే యున్నచో పెద్దపని గలవాడు సాయంకాలమువరకు నిలువవలసి వచ్చును. ఎవరి కష్టమును తగ్గించుటకు వరుస పెట్టుచున్నామో ముందుగా నిర్ణయించుకొనిన గాని నియమమును ఎన్నుకొనలేము.

పలుపనుల యంత్రశాల

ఇపుడు పెద్ద యంత్రశాలకు పోవుదము. 1952లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు, చిల్లులు పొడిచిన కాగితపు పట్టెలోని అంకెలను బట్టి తానే నడుచు మిల్లింగు యంత్రమును ప్రదర్శించిరి. అంకెలు మార్చిన యంత్రము చేయు పని మారును. 1960 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండు దేశమున, సిగరెట్లు చేయు యంత్రములకు ప్రసిద్ధికెక్కిన మోలిన్సు కంపెనీలో థియో విలియమ్సను అను ఇంజనీరు ఇట్టి యంత్రములు కొన్నిటిని జతపరచి సిస్టము 24 అను ఏర్పాటును కల్పించెను. రాత్రివేళ మనుష్యులు లేకయే 24 గంటలును నడువవలెనని దాని యుద్దేశము. ఇట్టి ఏర్పాటునకే ఫ్లెక్సిబుల్ మాన్యుఫాక్చరింగు సిస్టము అని పేరు. మనము దానిని పలుపనుల యంత్రశాల యందము.

దానియందు లోహపు ముక్క ఒక పళ్లెమువంటి పీటమీద బిగింపబడి, తానే నడుచు బండిమీద ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు పోవుచుండును. ప్రతి యంత్రము ప్రక్కనను పనిముట్లుంచు అరల చక్ర మొకటి యుండును. యంత్రమునకు డ్రిల్లు కావలసినపుడు ఇనుప చేయి ఆ చక్రమునుండి డ్రిల్లును తీసి తగిలించి, పాత పనిముట్టును అరలో పెట్టును. ఇది కొద్ది సెకనులలో జరుగును. కావలసిన పనిముట్టు ఆ చక్రములో లేకున్ననో, దానిని గిడ్డంగినుండి తెచ్చి, మరియొకదానిని తీసివైచి, కొలతలు సరిచూచి అమర్చవలెను. అంతసేపును ఎంతో వెల పెట్టి కొనిన యంత్రము ఊరక నిలిచిపోవచ్చును.

అరలు మూడు, పనిముట్లు నాలుగు

ఈ చిక్కును చిన్న ఉదాహరణముతో చూతము. నిజమైన చక్రమునందు పదులకొలది అరలుండును. మనము మూడు అరలే యున్నవనుకొందము. పనిముట్లు నాలుగు: కట్టరు, డ్రిల్లు, రంధ్రమును నునుపుచేయు రీమరు, మరచుట్లు కోయు ట్యాపు. పనులు అయిదు:

1వ పని: కట్టరు, డ్రిల్లు, రీమరు.
2వ పని: డ్రిల్లు, ట్యాపు.
3వ పని: కట్టరు, డ్రిల్లు.
4వ పని: కట్టరు, ట్యాపు (దీనికి రంధ్రము ముందే యున్నది).
5వ పని: డ్రిల్లు, రీమరు.

1వ పనికి కట్టరు, డ్రిల్లు, రీమరు అరలలో నుండును. 2వ పనికి ట్యాపు కావలెను. ఒక అర ఖాళీ చేయవలెను. డ్రిల్లు ఈ పనికే కావలెను గనుక కట్టరునో రీమరునో తీయవలెను. తోచినట్లు కట్టరును తీసితి మనుకొందము. 3వ పనికి దానిని మరల తేవలెను. అపుడు రీమరును తీయుదుము. 5వ పనికి రీమరును మరల తేవలెను. మార్పులు మూడు.

అట్లుగాక 2వ పనియొద్దనే రీమరును తీసినచో, 3వ పనియు 4వ పనియు మార్పు లేకయే జరిగిపోవును. 5వ పనికి మాత్రము రీమరును తేవలెను. మార్పులు రెండు. ఏలయనగా కట్టరు వెంటనే కావలసినది. రీమరు చాలసేపటికి గాని అక్కరకు రాదు. పనుల వరుస స్థిరమై, ఏ మార్పునకైనను ఒకే కాలము పట్టునపుడు, త్వరగా కావలసిన పనిముట్లను ఉంచుకొని, ఆలస్యముగా కావలసినదానిని తీసివేయుటయే అతి తక్కువ మార్పులకు మార్గమని టాంగు, డెనార్డో అనువారు 1988లో నిరూపించిరి. ప్రయాణమునకు సంచి సర్దు తల్లి, దారిలో కావలసిన మంచినీళ్లను పైని, ఊరు చేరిన పిదప కావలసిన దుప్పటిని అడుగునను పెట్టుటలో ఈ నియమపు పోలిక కొంత కలదు.

ఇంకను చూడుడు. పనుల వరుసనే మార్చి 1, 5, 3, 2, 4 అని పెట్టితిమా, మొదటి మూడు పనులును ఒకే అమరికతో జరుగును. 2వ పనియొద్ద రీమరును తీసి ట్యాపును పెట్టిన, 4వ పనికి వేరు మార్పు లేదు. మార్పు ఒక్కటే! నాలుగు పనిముట్లు మూడు అరలలో నొకేసారి యిమడవు గనుక ఒక మార్పు తప్పదు. మూడు రెండైనది, రెండు ఒకటైనది. కొత్త యంత్రమును కొనలేదు, కొత్త పనిముట్టును తేలేదు. పనుల వరుసయు పనిముట్ల తావును ఒకదానినొకటి పట్టుకొనియుండుటచే, రెంటిని కలిపి ఆలోచింపవలెను.

ఏ పని ఏ యంత్రమునకు?

యంత్రములు పెక్కులున్నచో మరియొక చిక్కు వచ్చును. పనిముట్లన్నిటిని ప్రతి యంత్రమునకును ఇచ్చినచో ఏ ముక్కయైనను ఎక్కడికైనను పోవచ్చును. కాని అరలు చాలవు, పనిముట్లకు వెలయు పెరుగును. ఒక్కొక్క పనిముట్టు ఒక్కొక్క యంత్రమునకే యిచ్చినచో వెల తగ్గును. కాని ఆ యంత్రము చెడిన నాడు దాని పనిముట్టునకై కాచుకొనియున్న ముక్కలన్నియు నిలిచిపోవును. ఈ రెంటికిని నడుమ, ఎక్కువగా వాడబడు పనిముట్లకు జంటలు పెట్టి, అరుదుగా కావలసినవానిని ఒక్కచోటనే యుంచుట వాడుక. పనిముట్టు అంచు అరిగిపోవును గనుక, ఎన్ని నిమిషములు కోసినదో కంప్యూటరు లెక్కించి, విరుగకమునుపే జంటదానిని తీసికొనుట మంచి యేర్పాటు.

కాథరిన్ స్టెకీ అను విదుషీమణి 1983లో ఈ యంత్రశాలలో పని మొదలుపెట్టకముందు తేల్చుకొనవలసిన అయిదు ప్రశ్నలను విడదీసి చూపెను. ఏ రకముల ముక్కలను ఈ విడత కలిపి చేయవలెను? ఏ యంత్రములను ఒక జట్టుగా ఉంచవలెను? ముక్కలను ఒకదాని కొకటి ఏ పాళ్లలో చేయవలెను? పీటలను, బిగింపులను ఏ రకమునకు ఎన్ని ఇయ్యవలెను? ఏ పనిని దాని పనిముట్లతోకూడ ఏ యంత్రమునకు అప్పగింపవలెను? ఈ అయిదింటిని తేల్చిన పిమ్మటనే, ఏ ముక్క ఏ గంటకు అను వరుస వచ్చును.

విద్యార్థులకు

ఇట్టి విద్యకు మన తెలుగునాట చోటు లేకపోలేదు. సికింద్రాబాదులో 1943లో ప్రాగా టూల్సు అను యంత్రపరికరముల కర్మాగారము స్థాపింపబడెను. హైదరాబాదు బాలానగరునందు 1968లో నెలకొల్పబడిన సెంట్రల్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అను సంస్థ పనిముట్లు, అచ్చులు తయారుచేయు విద్యను నేర్పుచున్నది. పదవ తరగతి ముగించిన వారికిని అక్కడ డిప్లొమా చదువు కలదు. మన అడవి అంచు గ్రామములనుండి వచ్చు బాలబాలికలకు ఆ చదువు అందరానిదని మే మెంచము. పైని చూపిన లెక్కలకు కూడికయు, ఓపికయు తప్ప మరేమియు అక్కరలేదు గదా.

విద్యార్థులు ఇంటియొద్ద నొక పని చేయుదురు గాక. మీ యింట నొకదాని వెంట నొకటి జరుగు పనులను నాలుగింటిని ఎన్నుకొని, ఒక్కొక్కదానికి ఎంతసేపు పట్టునో వ్రాసికొని, కాగితముమీద గంటల గీతలు గీచి చూడుడు. ఏ గీతలో ఖాళీ యున్నదో, ఆ ఖాళీకి కారణ మెవరో మీకే తెలియును.

ద్రాక్షతోట యుపమానమున, సంతవీధిలో సాయంకాలమువరకు ఊరక నిలిచియుండిన కూలివారిని మీరెరుగుదురు. వారికి పని చూపినవారు లేకపోయిరి. రంగుల డబ్బా ముందు ఆరు గంటలు కూర్చున్న ఆయనయు అట్టివాడే. ఎవరైన ఊరక కూర్చుండుట చూచినపుడు వారిని సోమరులనుటకు ముందు, వరుసను పెట్టినవారి కాగితమును చూడవలెను. మేము ఆ మరుసటి ఆదివారము వడ్రంగిగారి యింటికి పోయి, మా కాగితమును చూపి, తప్పు మాదని ఒప్పుకొంటిమి. ఆయన గీతలను చాలసేపు చూచి, నల్లబల్ల ఉన్న చోటను వ్రేలుంచి, "ఇది ముందు పెట్టవలసింది" అనెను. ఆయనకు జాన్సను పేరు తెలియదు. మేము ముందే అడిగియుండినచో చెప్పియుండెడివాడు.